ఉప్పు వెయ్యని టమాటాలు

ఆ ఇంట్లో డాబా మీదికి వెళ్ళాలంటే ఆడపడుచు గదిలోంచే వెళ్ళాలి. కట్టిన మేస్త్రీ ఏం ఆలోచించి మెట్లు అక్కడ పెట్టాడో గాని, ఒకరి మొహం ఒకరు చూడటం ఇష్టం లేని ఇద్దరు ఆడవాళ్ళని రోజూ ఎదురుపడేలా చేసి తన దారిన తాను పోయాడు.

ఇల్లాలు బజారు చివర మందుల కొట్లో పని చేసేది. వీధిలో అందరూ ఆమెని మందులమ్మ అనేవారు. పై గదిలో ఉండే ఆడపడుచు బట్టలు కుట్టేది. ఆమె నోటికీ, ఆమె చేతిలో పనిముట్టుకీ కలిపి వీధివాళ్ళు ఒకటే పేరు పెట్టారు, కత్తెర అని. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "కొలతలు కుదరలేదు" అనేది. ఈ ఇద్దరికీ మధ్య ఉన్నవాడు రొట్టెలాయన. ఒకరికి భర్త, ఒకరికి అన్న.

రొట్టెలాయన వయసంతా బట్టీ ముందు నిలబడి గడిపినవాడు. ఆ ఏడు గుండె బలహీనపడింది. కాళ్ళు స్తంభాల్లా వాచి, ఊపిరాడక ఆస్పత్రిలో పడ్డాడు. డాక్టరమ్మ వాపు దించి ఇంటికి పంపిస్తూ మందులమ్మని పక్కకి పిలిచింది.

"ఉప్పు మానెయ్యాలి. తగ్గించమని కాదమ్మా, మానెయ్యమని. మళ్ళీ ఇలాగే వాచిందంటే ఈసారి ఇంటికి పంపిస్తానని నేను మాటివ్వలేను."

మందులమ్మ ఆ మాటని దేవుడి మాటలా పట్టుకుంది. ఆయనకి వేరే గిన్నె, వేరే గరిటె పెట్టింది. ఉప్పు డబ్బాని బీరువాలో చీరల వెనక దాచి తాళం వేసింది. ఆయన చెయ్యి తన నెత్తిన పెట్టించుకుని, ఉప్పు ముట్టనని ఒట్టు వేయించుకుంది. అంత చేసినా ఒక్కటి మాత్రం ఆమె చేతిలో లేకపోయింది. ఉప్పు లేని తిండిని ఆయన నోరు ఒప్పుకోలేదు. రెండు ముద్దలు తిని పళ్ళెం పక్కకి జరిపేవాడు. "ఆకలి లేదోయ్" అనేవాడు. మనిషి తగ్గిపోతున్నాడు. చొక్కాలు వదులైపోతుంటే కత్తెర వాటి పక్కలు పట్టేస్తూ, మిషను శబ్దం మీంచి, కింద ఉన్న వదినకి వినపడేలా, "ఇంకొన్నాళ్ళు ఇలాగే పెడితే మా అన్నకి పసిపిల్లాడి చొక్కా చాలు" అనేది.

కొట్టుకి మందులకి వచ్చే ఒక నర్సు మాటల్లో మందులమ్మకి చెప్పింది. "ఎండబెట్టిన టమాటా వేసి చూడండి. ఎండితే పులుపూ తీపీ చిక్కబడతాయి. ఉప్పు లేదన్న సంగతి నాలుక కాస్త మర్చిపోతుంది."

ఆ మాట పట్టుకుని మందులమ్మ ఇంటికొచ్చింది. టమాటా చెట్లు పెరట్లోనే ఉన్నాయి. అప్పుడు బాగా కాపు మీద ఉన్నాయి కూడా. చిక్కల్లా ఏమిటంటే, అవి కత్తెర చెట్లు. గింజ నాటింది, కర్ర పాతి కట్టింది, మిగిలిపోయిన గుడ్డ పేలికలతో కొమ్మలకి ముడులు వేసింది కత్తెర. గట్టి కండతో, తక్కువ గింజలతో, కోలగా కాసే రకం. ఎండబెట్టడానికి అంతకన్నా మంచి కాయ దొరకదు.

అడిగింది. అడగడం కూడా సూటిగా కాదు. హాల్లో కూర్చున్న భర్త వైపు తిరిగి, "చెట్ల మీద పండి రాలిపోతున్నాయి, మనిషి కోసం నాలుగు ఎండబెడితే పుణ్యం అని చెప్పండి మీ చెల్లెలికి" అంది.

మెట్ల మీంచి జవాబొచ్చింది. "ఎండబెడదాం. సగానికి కోసి, ఉప్పు చల్లి, ఎండలో పెడదాం."

"ఉప్పా?" మందులమ్మ ఈసారి నేరుగా ఆడపడుచు వైపే తిరిగింది. "ఉప్పేమిటి?"

"ఉప్పు వెయ్యకపోతే ఆరేలోపు బూజు పడుతుంది వదినా. ఉప్పు నీటిని లాగేస్తుంది. చంటిపిల్లనడిగినా చెబుతుంది."

"నేను చంటిపిల్లనడగలేదు, డాక్టరునడిగాను. ఆయనకి ఉప్పు విషం."

"ముక్కకి చిటికెడు వేస్తే ప్రాణం పోతుందా?"

"పోతే నీదేం పోదుగా!"

"చెట్లు నావి, కాయలు నావి."

"మొగుడు నావాడు."

"నీకు మొగుడు కాకముందే నాకు అన్న!"

రొట్టెలాయన కళ్ళు మూసుకుని, దేవుడి పుస్తకం గుండెలకి ఆనించుకుని కూర్చున్నాడు. కాసేపటికి, ఇద్దరూ ఊపిరి తీసుకునే సందు చూసి, "ఉప్పు లేకుండానే ఎండబెట్టండమ్మా. మీ వదిన చెప్పినట్టే కానియ్యండి" అన్నాడు.

కత్తెర అన్న మాట కాదనలేదు. కానీ మెట్లెక్కుతూ అంది, "సరే. బూజు పట్టిన రోజున నన్ను పిలవకండి. ఆ చప్ప ముక్క ఒక్కటి నా నోట పెడితే ఒట్టు."

పని మొదలైంది. తెల్లవారి వెలుగు రాగానే పెరట్లో కోసి, కడిగి, గుడ్డతో తడి లేకుండా తుడిచి, వంటింటి బల్ల మీద పోసేవారు. బల్లకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. ఎవరి చాకు వారిది. నిలువుగా సగానికి కోసి, బొటనవేలితో గింజా గుజ్జూ తోడేసి, లోపలి తెల్లటి కాడ తీసేసేవారు. ఉప్పు లేదు కాబట్టి ముక్క పల్చగా ఉండాలని మందులమ్మ పట్టు. మరీ పల్చగా ఉంటే కాగితమైపోతుందని కత్తెర పట్టు. ఎవరి మందం వారు కోసి, ఎదుటి ముక్కల వైపు చూసి మూతి తిప్పుకునేవారు.

దోమతెర గుడ్డ బిగించిన చెక్క చట్రాల మీద, కోసిన వైపు పైకి ఉండేలా, ఒకదానికొకటి తగలకుండా పేర్చి, పల్చటి గుడ్డ కప్పి డాబా మీద పెట్టేవారు. పొద్దు వాలగానే మంచు తగలకుండా కత్తెర గదిలోకి దించేవారు. మర్నాడు తిరగేసి మళ్ళీ ఎండలో. మందులమ్మ పొద్దున్నే కొట్టుకి వెళ్ళిపోయేది కనక పగలంతా చట్రాలు కత్తెర చేతిలోనే ఉండేవి. ఆ దిగులు మందులమ్మకి లోపల ఉంది. సాయంత్రం రాగానే చెప్పులైనా సరిగ్గా విడవకుండా పైకెక్కి, ఆడపడుచు మంచం పక్కనుంచి, మిషను పక్కనుంచి నడిచి, ముక్కలు ముట్టుకుని చూసి దిగిపోయేది.

"కొట్లో మందులకి తారీకులు చూసినట్టు చూస్తుంది" అని కత్తెర గోడతో అనేది.

మొదటి వాయి ఆరడానికి చాలా రోజులు తీసుకుంది. ఒకటి రెండు ముక్కలకి నిజంగానే బూజు వచ్చింది. కత్తెర వాటిని గుమ్మం ముందు, వదిన కాలు పెట్టే చోట, ప్రదర్శనలా పెట్టింది. మందులమ్మ వాటిని ఎత్తి పారేసింది. మిగిలినవి వంచితే తోలులా వంగి, నొక్కితే తడి అంటకుండా ఆరాయి. చల్లారాక గాజు సీసాలో వదులుగా నింపి మూత పెట్టింది. రోజూ సీసాని కుదిపి, గాజుకి లోపల ఆవిరి పట్టిందేమోనని దీపం దగ్గర పెట్టి చూసేది. పట్టలేదు. ఆ సీసాని అలమారలో పెట్టి దేవుడికి దండం పెట్టింది.

రెండో వాయి నాటికి రొట్టెలాయన మంచం దిగాడు. మెల్లగా మెట్లెక్కగలుగుతున్నాడు. "ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతోంది. పిట్టలు గుడ్డ లాగేస్తున్నాయట, నేను కాపలా కూర్చుంటాను" అన్నాడు. డాబా మీద కుర్చీ వేశారు, గొడుగు కట్టారు, చేతికి ఒక పొడవాటి కర్ర ఇచ్చారు. ఒళ్ళో దేవుడి పుస్తకం పెట్టుకుని, పిట్ట వాలితే కర్ర ఊపుతూ, ఆయన పగలల్లా అక్కడే ఉండేవాడు. మొహానికి కాస్త రంగు వచ్చింది. సాయంత్రం కిందికి దిగి, "ఈరోజు నేను ఒక్క ముక్క కూడా పోనివ్వలేదు" అని చెప్పుకునేవాడు.

ఆయన కాపలా మొదలయ్యాక ముక్కలు త్వరగా ఆరడం మొదలుపెట్టాయి. బూజు ఊసే లేదు. ఎండ ముదిరింది కదా అనుకుంది కత్తెర. దేవుడు కరుణించాడనుకుంది మందులమ్మ. ఆ మాట భర్తతో అంటే ఆయన తల వంచుకుని, "అంతా ఆయన దయ" అన్నాడు.

అలమార నిండింది. కొత్త సీసా పెట్టినప్పుడల్లా పాతది వెనక్కి జరిగి, మొదటి వాయి సీసా గోడకి ఆనుకుపోయింది.

ఆ రోజుల్లోనే కత్తెర పై నుంచి ఒక రాయి వేసింది. ఆమె గదిలో ఒక మూల చిన్న పొయ్యి, నాలుగు డబ్బాలు ఉండేవి. తన వంట తనది. మెట్ల మీద నిలబడి కిందికి వినపడేలా అంది, "అన్నయ్యా, ఈ ఇంట్లో ఒక ఎలకకి ఉప్పు మీద మోజు పుట్టింది. మొన్న నింపిన డబ్బా నేడు అడుగంటింది. పొద్దున్నే మందుల కొట్టుకి పోయి సాయంత్రం తిరిగొచ్చే ఎలకో ఏమో!"

మందులమ్మకి ఒళ్ళు మండింది. "ఏవండీ, మీ చెల్లెలికి చెప్పండి. నా ఉప్పు నా బీరువాలో తాళం కింద ఉంది. ఆమె ఉప్పు తినే గతి నాకింకా పట్టలేదు."

రొట్టెలాయన అప్పటిదాకా మనసులో చదువుకుంటున్న పుస్తకం పైకి చదవడం మొదలుపెట్టాడు.

*

వానలు పడ్డాయి. డాబా మీది కుర్చీ లోపలికొచ్చింది. మందులమ్మ ముందు వరస సీసా తీసి, రోజూ నాలుగు ముక్కలు వేడి నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళతో సహా ఆయన కూరలో వేసేది. మొదటి రోజే ఆయన గిన్నె ఖాళీ చేశాడు. వేళ్ళు నాకి, "ఏం వండావోయ్! నీ చేతిలో ఏదో ఉంది" అన్నాడు. మందులమ్మకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆ పూట దేవుడి ముందు ఎక్కువసేపు కూర్చుంది.

ఆమె వంట చేసేటప్పుడు రుచి చూడదు. దేవుడి ముందు పెట్టకముందు గరిటె నోటికి తగలకూడదని వాళ్ళమ్మ చిన్నప్పుడే నేర్పింది. ఉప్పూ కారం కంటితో, చేత్తో వెయ్యడమే. పెట్టిన తర్వాతైనా ఆయన గిన్నె ఆమె ముట్టదు. అందులోంచి ఒక చెంచా తీసినా ఆయన వంతు తగ్గినట్టే అనుకునేది. తను వేరే వండుకున్నది తినేది. దేవుడికి ఇచ్చిన మర్యాద, మొగుడి మీద ప్రేమ, రెండూ కలిసి ఒక మనిషిని ఇలా గుడ్డిదాన్ని చేస్తాయా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పగలం? చేశాయి.

కాళ్ళు వాచాయి. మొదట చెప్పుల పట్టీల గుర్తులు పడ్డాయి. తర్వాత వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. మెట్లెక్కడం మానేశాడు. పడుకుంటే ఊపిరాడక దిండ్లు ఎత్తు పెట్టించుకున్నాడు.

డాక్టరమ్మ చూసి, మొహం గంటు పెట్టుకుంది. "ఉప్పు తింటున్నాడు."

"లేదండి. ఒక్క రవ్వ కూడా లేదు. నా చేత్తో నేనే వండుతాను."

"ఒళ్ళు అబద్ధం చెప్పదమ్మా. మందుల కొట్లో పనిచేస్తావు, నీకు నేను చెప్పాలా? రోజూ ఎంతమందికి ఈ మాత్రలిస్తూ ఉప్పు తినకండని చెబుతావు నువ్వు?"

వరండాలో పది మంది చూస్తుండగా ఆ మాట పడింది. మందులమ్మ తల దించుకుని, మాత్రలు రెట్టింపు రాసిన చీటీ పట్టుకుని, భర్తని నడిపించుకుంటూ ఇంటికి వచ్చింది. ఆయన దారి పొడుగునా "దేవుడున్నాడులే" అంటూనే ఉన్నాడు.

ఆయన్ని కూర్చోబెట్టి వంటింట్లోకి వెళ్ళింది. అలమార తెరిచి సీసా తీసింది. తీసిన చెయ్యి ఆగిపోయింది. గాజుకి లోపల ఆవిరి పట్టి ఉంది. తోలులా ఉండాల్సిన ముక్కలు మెత్తబడి ఒకదానికొకటి అంటుకున్నాయి. వానాకాలం మూత తెరిచిన ఉప్పు డబ్బా ఎలా చెమరుస్తుందో అలా చెమర్చాయి. ఆమె ఒక ముక్క తీసి, దేవుడి గది వైపు ఒకసారి చూసి, నాలుక మీద పెట్టుకుంది.

ఉప్పు.

పక్క సీసా తీసింది. ఉప్పు. సీసా చేత్తో పట్టుకునే మెట్లెక్కింది. కత్తెర మిషను మీద వంగి ఉంది. సాయంత్రపు వెలుగు ఇంకా కిటికీలో ఉంది.

"ఇదేమిటి?"

"టమాటాలు" అంది కత్తెర తల ఎత్తకుండా. "కళ్ళజోడు మార్చుకో."

"ఉప్పు వేశావు."

మిషను ఆగింది. "ఏమన్నావు?"

"నా మాట నెగ్గిందని కడుపుమంట. పగలల్లా ఇవి నీ చేతిలో ఉన్నాయి. నేను కొట్టుకి వెళ్ళగానే చల్లావు. ఆయన కాళ్ళు చూశావా? కిందికి దిగి చూడు! అన్నా అన్నా అంటూనే ఆయన్ని చంపుతున్నావు."

కత్తెర లేచింది. పొట్టి మనిషి. ఆ క్షణాన గది అంతా ఆమే ఉన్నట్టుంది.

"వదినా, నేను ఉప్పు వెయ్యాలనుకుంటే నీ మొహం మీద చెప్పి, నీ చేతులు పట్టుకుని వేస్తాను. దొంగచాటుగా వెయ్యడం మా ఇంటా వంటా లేదు."

"అయితే ఉప్పు రెక్కలు కట్టుకుని వచ్చి వాలిందా?"

"నా డబ్బాలో ఉప్పు తీసుకుపోయింది ఎవరో వాళ్ళనే అడుగు. అద్దంలో చూసి అడుగు."

"నేనా? నేను నా మొగుడికి..."

"నీ చేతి వంట బావుందనిపించుకోవాలిగా! పళ్ళెం పక్కకి జరిపితే నీకు నామోషీ కదా!"

"ఆయన పోతే ఈ ఇల్లు నీదవుతుందని కాచుక్కూర్చున్నావు, హంతకురాలా!"

ఆ మాట గదిలోంచి మెట్ల మీదుగా కిందికి దొర్లింది. కింద రొట్టెలాయన దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పుస్తకం తెరిచి ఉంది. ఆ మాట ఆయనకి వినపడింది. పేజీ తిప్పాడు.

కత్తెర వదినని పక్కకి నెట్టి, మెట్లు దిగి, అన్న ముందునుంచే పెరట్లోకి పోయింది. వాన తుంపర పడుతోంది. రెండో కాపు మీద ఉన్న టమాటా చెట్లని, ఒక్కొక్కదాన్నీ మొదట్లో పట్టుకుని, కర్రలతో సహా పెరికి పడేసింది. పచ్చి కాయలు బురదలో దొర్లాయి. తను కట్టిన గుడ్డ పేలికలు కొమ్మలకి అలాగే వేలాడుతున్నాయి. అన్ని చెట్లూ అయ్యాక బురద చేతులతోనే పైకి వెళ్ళి, మంచం కింద నుంచి పెట్టె లాగి బట్టలు పడేసుకోవడం మొదలుపెట్టింది.

కిటికీలోంచి రొట్టెలాయన అదంతా చూశాడు. ఒకసారి నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు.

*

మర్నాడు పొద్దున మందులమ్మ కొట్టుకి వెళ్ళలేదు. ఆయనకి మాత్రలు వేసి, వంటింట్లో ఊరికే నిలబడి ఉంది. కత్తెర దిగి వచ్చింది. పెట్టె సర్దుకుని వెళ్ళిపోతానని చెప్పడానికి వచ్చిందనుకుంది మందులమ్మ. కత్తెర ఆమె వైపు చూడనైనా చూడకుండా అలమార తెరిచి, సీసాలన్నీ తీసి, బల్ల మీద వరసగా పెట్టింది.

"ఏం చేస్తున్నావు?"

"హంతకురాలు ఏం చేస్తుందో చూస్తూ ఉండు."

వరసలో ముందున్న సీసా మూత తీసి ముక్క నోట్లో వేసుకుంది. నమిలి, ఉమ్మేసింది.

"నోట పెడితే ఒట్టన్నావు" అంది మందులమ్మ. నోరు ఊరుకోదు కదా.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. ఇది ఉప్పు." రెండోది తీసింది. "ఇదీ ఉప్పే." అలా వరసగా చూసుకుంటూ పోయింది. చివరికి గోడవైపునుంచి తీసిన సీసా దగ్గరికొచ్చింది. గాజు పొడిగా ఉంది. ముక్కలు కుదిపితే గలగలమన్నాయి. నోట్లో వేసుకుంది. నమిలింది. ఉమ్మలేదు. ఇంకో ముక్క తీసి వదిన వైపు చాపింది.

"తిను."

"నేను..."

"దేవుడు ఏమీ అనుకోడు. తిను."

మందులమ్మ నోట్లో పెట్టుకుంది. పులుపు, వెనక కాస్త తీపి. అంతే.

"చప్పన" అంది.

"ఇది ఎప్పటిది?"

"మొదటి వాయి. బూజు పట్టిందని నువ్వు గుమ్మంలో..."

"గుమ్మంలో పెట్టింది నాకు గుర్తుంది. అప్పుడూ పగలల్లా చట్రాలు నా చేతిలోనే ఉన్నాయి. అప్పుడెందుకు వెయ్యలేదు నేను? బూజు పడుతుంటే అప్పుడే కదా వెయ్యాలి!" కత్తెర బల్ల మీద చెయ్యి ఆనించింది. "ఆ తర్వాత ఏం మారింది ఈ ఇంట్లో? చెప్పు. నాది మారలేదు, నీది మారలేదు. డాబా మీదికి కొత్తగా ఎవరొచ్చారు? నా గదిలోంచి, నా పొయ్యి పక్కనుంచి, నేను కిటికీ వైపు తిరిగి కుడుతుంటే వెనకనుంచి ఎవరు నడిచారు?"

మందులమ్మకి ముక్కలు త్వరగా ఆరినందుకు తను దేవుడికి పెట్టిన దండాలన్నీ గుర్తొచ్చాయి. అవన్నీ దేన్ని చూసి పెట్టినట్టు?

ఇద్దరూ ఒక్కసారే హాల్లోకి వచ్చారు. రొట్టెలాయన వాళ్ళ మొహాలు చూశాడు. ఇద్దరూ కలిసి నడిచి రావడం ఆ ఇంట్లో ఆయన ఎప్పుడూ చూసి ఉండడు. అది చూడగానే సంగతి అర్థమైపోయింది. పుస్తకం మూశాడు.

"కొంచెమే" అన్నాడు.

"కొంచెమా!" అంది కత్తెర. "డబ్బా అడుగంటింది!"

"పైనుంచి పల్చగా చల్లాను. తడి ముక్క మీద వేస్తే కరిగిపోతుంది, కనపడదు. రొట్టెల మీద పిండి చల్లిన చెయ్యి కదా, అదే..." ఆయన చెయ్యి గాల్లోకి లేచి, వేళ్ళు కదిలాయి. ఆ కదలికలో ఒక్క క్షణం ఆయన మొహం వెలిగింది. మళ్ళీ చెయ్యి దుప్పటి మీద పడింది. "నోరు అట్టముక్కలా అయిపోయిందే. అట్టముక్క నములుతూ బతకమంటారు. ఎన్నాళ్ళు?"

"కాపలా ఉంచితే ఇదా? కంచే చేను మేసినట్టు!" అంది కత్తెర.

మందులమ్మ పెళ్ళైన ఇన్నేళ్ళలో మొదటిసారి మర్యాద వదిలేసి, "నా నెత్తి మీద చెయ్యి పెట్టావు" అంది. "ఆ చెయ్యే కదా?"

ఆయన ఆ చేతిని దుప్పటి కిందికి లాక్కున్నాడు.

"నిన్న నేను దాన్ని హంతకురాలన్నాను. విన్నావా?"

"విన్నాను."

"చెట్లు పీకుతుంటే చూశావా?"

"చూశాను. చెప్పేద్దామనే అనుకున్నాను. చెబితే ఉన్న సీసాలు కూడా పోతాయని..." ఆయన పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. "రోజూ దేవుడికి చెప్పుకున్నాను. ఒక్కరోజు కూడా దాచలేదు ఆయన దగ్గర."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు."

"ఆయన అనడు" అంది మందులమ్మ. "అనాల్సిన మాటలన్నీ నా చేత అనిపించాడు. అదీ ఏ తప్పూ చెయ్యని మనిషిని."

ఆయన అన్నీ అబద్ధాలే ఆడాడా? పుస్తకం చదివింది నిజం, దండం పెట్టింది నిజం. ఆ కూర తిని "నీ చేతిలో ఏదో ఉంది" అన్నప్పుడు ఆ సంతోషమూ నిజమే. ఆ సంతోషమే మందులమ్మకి అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకుంది. ఆయన పొగిడింది తన వంటని కాదు.

ఆమె కత్తెర వైపు తిరిగింది. "అనకూడని మాట అన్నాను."

"అన్నావు."

"నిన్న నాకు..."

"అన్నది నీ దగ్గరే ఉంచుకో. వెనక్కి తీసుకుంటే నాకేమొస్తుంది? చెట్లు మొలుస్తాయా?" కత్తెర వంటింట్లోకి వెళ్ళి, ఉప్పు సీసాలన్నీ ఒడిలో వేసుకుని మెట్ల వైపు నడిచింది. సగం మెట్లెక్కి ఆగింది. "ఉప్పువి నా గదిలో ఉంటాయి, తాళం కింద. చప్పది నీ దగ్గరుంచు. నా డబ్బాలు కూడా తాళం కింద పెడతాను. ఇకనుంచి అన్నయ్య తినేటప్పుడు నేనూ కూర్చుంటాను. నిన్ను నమ్మి కాదు, ఆయన్ని నమ్మక."

పెట్టె మాత్రం విప్పలేదు. మెట్ల పైన గుమ్మంలో అడ్డంగా పెట్టుకుని, కుట్టుపని తెచ్చుకుని దాని మీదే కూర్చుంది. వెళ్ళిపోతానని చెప్పలేదు. ఉంటాననీ చెప్పలేదు. డాబాకి వెళ్ళే దారి మాత్రం మూసేసింది.

కొన్నాళ్ళకి వాపు దిగసాగింది. వేలితో నొక్కితే గుంట మెల్లగా పూడుతోంది. ఉన్నది ఒక్క చప్ప సీసా. మందులమ్మ రోజుకి ఒక్క ముక్క, దాన్నే సన్నగా తరిగి, వచ్చే కాపు దాకా ఎలా లాగాలా అని చూసుకుంటోంది. బురదలో దొర్లిన పచ్చి కాయల్లో పనికొచ్చేవి ఏరి, కత్తెర ఎవరికీ చెప్పకుండా తన కిటికీలో గుడ్డ మీద పరిచింది. కొన్ని ఎర్రబడుతున్నాయి. అవి ఎండబెట్టడానికో, గింజ తియ్యడానికో మందులమ్మ అడగలేదు. అడిగితే వచ్చే జవాబు ఆమెకి తెలుసు.

ఆ మధ్యాహ్నం ఆయన గిన్నె పొయ్యి మీంచి దించింది. దేవుడి గది వైపు ఒకసారి చూసింది. చెంచా ముంచి, ఊది, నోట్లో పెట్టుకుంది. ఆయన కన్నా ముందు, దేవుడి కన్నా ముందు. క్షమించమని అడగాలో వద్దో ఆమెకి తేలలేదు. అడగలేదు.

ఇంకో చెంచా నింపి, వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డ ఆడపడుచు వైపు చాపింది. హాల్లో రొట్టెలాయన మెడ సాచి వినే ప్రయత్నం చేస్తున్నాడు.

కత్తెర చెంచా తీసుకుంది. రుచి చూసింది. నిదానంగా, న్యాయాధికారిలా నోరు ఆడించింది.

"చప్పగా ఉంది" అంది. "అచ్చం నీలాగే."

మందులమ్మ గిన్నె మీద మూత పెట్టి, దేవుడి ముందుకి పట్టుకెళ్ళింది.